తీర్పు రాయడం పక్షపాతం కాదు

సంపాదకులకు,

బతికున్న నాయకుల వికీపీడియా పేజీల్లోంచి వివాదాలు తీసేస్తేనే పక్షపాతం పోతుందన్న మీ వ్యాసం సరికాదు. మా పక్కనే ఉన్న వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్‌నే చూడండి. ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు తేల్చింది. 30 లక్షల రూపాయలు కట్టమంది, అందులో 25 లక్షలు ప్రత్యర్థి ఆది శ్రీనివాస్‌కు. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసు లేకుండా ఆయన జీవితచరిత్ర ఎట్లా రాస్తారు? అప్పీలు ఉంటే అదీ రాయాలి.

వికీపీడియా నియమం వివాదాన్ని దాచమనదు. ఆధారం లేని నిందను మాత్రం చర్చ కోసం ఆగకుండా తీసేయమంటుంది. జగిత్యాలలో, సిరిసిల్లలో ఓటరు నాయకుడి పేరు ఫోనులో వెతికితే తరచూ ముందు కనబడేది ఆయన వికీపీడియా పేజీనే. కార్యకర్తలు నింపిన పొగడ్తలను తొలగించండి, కోర్టు తీర్పును ముట్టకండి.

– ఒక పాఠకుడు, కోరుట్ల