ఆ పేరు ఎవరి పేరున?

మన రావికమతంలో అరిసెలో, పచ్చళ్లో చేసి అమ్మే ఆడవాళ్లు వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకుంటే మంచిదే. అయితే డిజైనర్‌ని అందరం ముందుగా అడిగేది ‘ఎంతవుతుంది?’ అనే. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ‘సైట్ పేరు ఎవరి పేరున రిజిస్టర్ చేస్తారు?’

డాట్ కామ్, డాట్ ఇన్ పేర్లు ఒకసారి కొంటే మనవైపోవు. గడువులోగా డబ్బు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. లేకపోతే చివరికి ఇంకెవరైనా తీసుకోవచ్చు. డిజైనర్ తన పేరున చేయించుకున్నాడనుకోండి, రేపు పేచీ వస్తే బోర్డు మనది, తాళంచెవి అతనిది!

మన అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. పేరుకున్న విలువ అలాంటిది. రేటు కాస్త ఎక్కువైనా రిజిస్ట్రేషనూ, పాస్‌వర్డూ మన చేతికిచ్చేవాళ్లకే పని ఇవ్వాలి.

ఇల్లూ పొలమూ ఎవరెవరి పేర్లనో రాయించి ఊరుకున్నాం. కష్టపడి తెచ్చుకున్న ఈ పేరైనా మన పేరున ఉండొద్దూ?