మీట నొక్కే చేతికి ఒక మెత్త

కాడి రాసుకుని ఎద్దు మెడ కమిలితే రైతు చూస్తూ ఊరుకోడు. కాడికి గోనె ముక్కో, పాత దుప్పటి పేలికో చుట్టి గాని మరునాడు పొలానికి తోలడు. బిందె నెత్తికెత్తుకునే ఆడపడుచు ముందుగా పాతగుడ్డతో చుట్టకుదురు చేసుకుంటుంది. కొడవలి పిడి అరచేతిలో బొబ్బలు రేపితే కూలివాడు దానికి గుడ్డ చుడతాడు. ఒళ్లూ పనిముట్టూ రాసుకునే చోట మెత్త ఉండాలన్న సంగతి పల్లెలకు ఎవరూ వచ్చి నేర్పలేదు. అనుభవం నేర్పింది. అయితే పల్లెల్లోకి కొత్తగా వచ్చిన ఒక పనిముట్టు విషయంలో మాత్రం ఈ అనుభవం అక్కరకు రాకుండా పోతున్నది. ఆ పనిముట్టు కంప్యూటర్. అది రాసుకునే చోటు మణికట్టు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మీసేవ కేంద్రాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఆదాయ ధ్రువపత్రం కావాలన్నా, కుల ధ్రువపత్రం కావాలన్నా, అడంగల్ నకలు కావాలన్నా, పింఛను దరఖాస్తు పెట్టాలన్నా ఎవరో ఒకరు కూర్చుని మీటలు నొక్కవలసిందే. ఇవి గాక పెళ్లి శుభలేఖలు కూర్చే డీటీపీ దుకాణాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే కొట్లు మండల కేంద్రాలలో వీధి వీధినా వెలిశాయి. ఈ పనిలో ఉన్నవారు చాలావరకు ఆ చుట్టుపక్కల ఊళ్లలో చదువుకున్న యువతీయువకులే. ఊరి కాగితాలన్నీ ఇప్పుడు వారి చేతుల మీదుగానే నడుస్తున్నాయి. ఆ చేతుల సంగతి పట్టించుకునే నాథుడు లేకపోవడం విచారకరం.

ఇటువంటి కేంద్రాలలో సాధారణంగా కనిపించే దృశ్యం ఒకటే. రాతకోతలకు చేయించిన ఎత్తుబల్ల, పెళ్లి పందిట్లో వేసే ప్లాస్టిక్ కుర్చీ, బల్ల అంచున మీటల పలక. కూర్చున్న మనిషి మోచేతి కన్నా బల్ల ఎత్తుగా ఉంటుంది. అందువల్ల భుజాలు పైకెత్తి, ముంజేతిని బల్ల అంచుకు ఆనించి, మణికట్టును వెనక్కి విరిచి వేళ్లను మీటల మీదికి చాచవలసి వస్తుంది. సాయంత్రానికి మణికట్టు లోపలివైపు ఎర్రటి గీత పడుతుంది. కొన్నాళ్లకు తిమ్మిరి మొదలవుతుంది.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

అరచేయి మొదలయ్యే చోట, మణికట్టు లోపలివైపున ఒక చిన్న సొరంగం వంటి దారి ఉంది. దానికి అడుగునా పక్కలా చిన్న చిన్న ఎముకలు, పైన ఒక గట్టి పట్టీ. వేళ్లను ముడిచే తొమ్మిది కండర తాళ్లు, వాటితో పాటు ఒక నరం ఈ ఇరుకు దారిలోంచే పోతాయి. బొటనవేలికి, చూపుడువేలికి, నడిమివేలికి, ఉంగరపువేలిలో సగానికి స్పర్శ తెలిపేది ఈ నరమే. మణికట్టును పైకి విరిచినా కిందికి వంచినా ఈ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. బయటి నుంచి బల్ల అంచు నొక్కితే ఆ నొక్కుడు కూడా నరం మీదనే పడుతుంది. రాత్రి నిద్రలో వేళ్లు మొద్దుబారి మెలకువ రావడం, చేయి విదిలిస్తే తగ్గడం ఈ జబ్బుకు తెలిసిన గుర్తులు. చిటికెనవేలు మాత్రం సాధారణంగా బాగానే ఉంటుంది.

ఈ జబ్బు కంప్యూటర్ ముందు కూర్చున్న వారికే వస్తుందనుకోవడం పొరపాటు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి, గర్భిణులకు కూడా వస్తుంది. బలంగా పట్టు బిగించి చేసే పనులలోనూ, చేతికి అదురు తగిలే యంత్రాల మీదా పనిచేసే వారికి మరింత ముప్పు. ఒక్క టైపు వల్లనే ఇది పుడుతుందా అన్న దాని మీద వైద్యులలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే వంకరగా పెట్టిన మణికట్టుతో, అంచుకు ఆనించిన ముంజేతితో గంటల తరబడి పనిచేస్తే చేయి నొప్పి పుడుతుందన్న దానిలో మాత్రం సందేహం లేదు.

పాత టైపు యంత్రం నేర్పిన పాఠం

పట్టణాలలోని టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకున్న పాతతరం వారికి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. మణికట్టు యంత్రం చట్రానికి ఆనితే మాస్టారు ఊరుకునేవారు కాదు. చేతులు మీటల మీద తేలాలి గాని వాలకూడదని గద్దించేవారు. పైగా ఆ యంత్రమే మనిషికి విరామం ఇచ్చేది. వరస పూర్తయి గంట మోగగానే చేయి తీసి బండిని వెనక్కి తోయాలి. పేజీ నిండితే కాగితం మార్చాలి. కంప్యూటర్‌తో ఆ చిన్నచిన్న విరామాలన్నీ పోయాయి. నిమిషానికి 30 మాటలు, మాటకు ఐదు మీటల లెక్కన చూసినా గంటకు 9 వేల నొక్కులు. రోజులో నాలుగు గంటలు ఆ లెక్కన నడిస్తే 36 వేలు. మీట తేలికే, కాని లెక్క తేలిక కాదు.

చేతిరాత రోజుల్లోనూ ఈ బాధ లేకపోలేదు. లేఖకుల చేతులకు వచ్చే నొప్పిని గురించి ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1713లోనే రాశాడు. టెలిగ్రాఫ్ మీట కొట్టే ఉద్యోగుల చేతి పట్టును బ్రిటన్ 1908లో నష్టపరిహారం ఇవ్వదగిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. వందేళ్ల కిందటే చట్టానికెక్కిన నొప్పిని ఇవాళ్టికీ నవ్వులాటగా చూడడం తగదు.

మెత్త ఎలా ఉండాలి?

మణికట్టు మెత్తలు బజారులో దొరుకుతున్నాయి. పట్టణంలో కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ రంగురంగులవి అమ్ముతున్నారు. అయితే కంటికి ఇంపైనదల్లా చేతికి మేలు చేయదు. బాగా ఎత్తున్న మెత్త మణికట్టును మరింత వంచుతుంది. మరీ మెత్తనిది కూరుకుపోయి, అడుగున ఉన్న బల్లకే చేతిని అప్పగిస్తుంది. సన్నని గట్టు లాంటిదైతే సరిగ్గా నరం ఉన్న చోటనే ఒత్తుతుంది. తప్పు మెత్త కన్నా అసలు మెత్త లేకపోవడమే నయం.

అమెరికా ప్రభుత్వపు వృత్తి భద్రతా సంస్థ చెప్పే సూత్రాలు సులువైనవి. మెత్త ఎత్తు, వాలు మీటల పలక ముందు అంచుకు సరిపోవాలి. లోతు కనీసం ఒకటిన్నర అంగుళాలుండాలి. మెత్తగా ఉంటూనే గట్టిదనం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, టైపు చేసేటప్పుడు చేతులు తేలాలి. ఆగినప్పుడు మాత్రమే ఆనించాలి. ఆనించేది కూడా అరచేతి మడమను గాని మణికట్టును కాదు. అంటే పాత టైపు మాస్టారు చెప్పిందే ఆ సంస్థా చెబుతున్నది!

ఈ కొలతలు తెలిస్తే ఊరి దర్జీ ఒక పూటలో కుట్టిపెట్టగలడు. మామూలు మీటల పలక 18 అంగుళాల పొడవుంటుంది. 20 అంగుళాల పొడవు, ఆరున్నర అంగుళాల వెడల్పు నేతగుడ్డ తీసుకుని గొట్టంలా కుడితే కుట్టుకు పోను రెండున్నర అంగుళాల లోతుగల మెత్త తయారవుతుంది. కుట్టు అడుగువైపుకు రావాలి. పైకి వస్తే ఆ కుట్టే చేతిని కోస్తుంది. లోపల రెండు అడ్డకుట్లు వేసి మూడు అరలు చేయాలి. లేకపోతే నింపినదంతా ఒక మూలకు చేరుతుంది.

ఇక ఏమి నింపాలన్నది ప్రశ్న. బూరుగుదూది తలగడకు బాగుంటుంది గాని చేతి బరువుకు నాలుగు రోజుల్లో అణగిపోతుంది. కుర్చీ దిండ్లలోని పలుచని స్పాంజీదీ అదే గతి. పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని అమ్మమ్మలు ఆవాల దిండు వేసేవారు. ఆ ఆవాలే ఇక్కడా పనికి వస్తాయి. గింజలు నున్నగా, గుండ్రంగా ఉండడం వల్ల చేతి ఆకారానికి తగ్గట్టు సర్దుకుంటాయి, అణగిపోవు. పావుకిలోకు అటూ ఇటూగా సరిపోతాయి. బిగించి నింపకూడదు, వదులుగా వదలకూడదు. నింపిన తరువాత ఎత్తు మీటల పలక ముందు అంచును మించకుండా చూసుకోవాలి. పురుగు పట్టకుండా అప్పుడప్పుడు ఎండబెట్టాలి. పైన విడిగా తీసి ఉతికే గలీబు ఉంటే చెమట బాధ ఉండదు. రెక్సిన్ గలీబు వేసవిలో చేతికి అంటుకుంటుంది. మెత్త జారకుండా అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్క కుడితే చాలు.

సరిపోయిందో లేదో చూడడానికి పిల్లల చెక్క స్కేలు చాలు. చేతులు మీటల మీద పెట్టి, ముంజేతి మీది నుంచి చేతి వెనుక భాగం మీదికి స్కేలు పెట్టాలి. స్కేలుకూ చేతికీ మధ్య సందు కనిపించకపోతే మణికట్టు తిన్నగా ఉన్నట్టు. మణికట్టు దగ్గర గుంట పడితే చేయి వెనక్కి విరిగినట్టు.

మెత్త ఒక్కటే చాలదు

బల్ల ఎత్తు తప్పుగా ఉంచుకుని ఎంత మంచి మెత్త వేసినా ప్రయోజనం లేదు. మామూలు రాతబల్ల దాదాపు 30 అంగుళాల ఎత్తుంటుంది. మీటలు ఉండవలసింది కూర్చున్న మనిషి మోచేతి ఎత్తులో. బల్ల కాళ్లు కోయించడమో, కింద సొరుగు పలక బిగించి మీటల పలకను అందులో పెట్టడమో చేయాలి. అది కుదరకపోతే కుర్చీ మీద దిండు వేసి, కాళ్లు వేలాడకుండా కింద పీట వేసుకోవాలి. మీటల పలక వెనుక ఉండే బుల్లి కాళ్లను చాలామంది తెరిచి పెడతారు. వాటిని మడిచేయడం మంచిది. అవి తెరిస్తే మణికట్టు మరింత విరుగుతుంది. మౌస్‌ను దూరంగా బల్ల చివర పెట్టకుండా పలక పక్కనే ఉంచి, మణికట్టుతో తిప్పడం మాని మోచేతి నుంచి కదపడం అలవాటు చేసుకోవాలి. గంటకోసారి అయిదు నిమిషాలు లేవాలి.

ఇంత చేసినా తిమ్మిరి తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మొదట్లో రాత్రిపూట కట్టుకునే పట్టీతోనే చాలామందికి గుణం కనిపిస్తుంది. ముదిరి బొటనవేలి కింది కండ కరిగిపోయేదాకా ఆగితే శస్త్రచికిత్స తప్పదు, పోయిన పట్టు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. పసరు కట్లతో, మర్దనాలతో నెలలు గడపడం ప్రమాదకరం.

ఎవరి బాధ్యత?

'పంకా కింద కూర్చుని మీటలు నొక్కేవాళ్లకు నొప్పులేమిటి, రోజంతా వంగి నాట్లు వేసే ఆడవాళ్ల నడుముల మాటేమిటి?' అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. నాట్లు వేసే నడుముకు ఉన్న కష్టం ముందు ఇది చిన్నదే. కాని ఒకరి నొప్పి పెద్దదని మరొకరి నొప్పిని కాదనడం ఏ న్యాయం? పైగా ఇక్కడ నష్టం ఆపరేటర్ ఒక్కరిదే కాదు. చేయి పడిపోయి ఆ మనిషి పని మానేస్తే ధ్రువపత్రం కోసం కూలి మానుకుని వచ్చిన వాడు మళ్లీ రావాలి. నొప్పితో కొట్టిన పేరులో ఒక అక్షరం తప్పిపోతే దాన్ని దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో పల్లెవాసులకు వేరే చెప్పనక్కర లేదు.

దరఖాస్తుకు ఇంత అని తీసుకుని పనిచేసే యువతీయువకులు నొప్పి ఉందని చెప్పడానికే జంకుతున్నారు. చెబితే ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెడతారేమోనన్న భయం వారిది. అందుచేత అడగకుండానే ఏర్పాటు చేయవలసిన బాధ్యత కేంద్రం నడిపే వారిది. కంప్యూటర్‌కు వేలకు వేలు పోసినవారు కుర్చీ దగ్గర, బల్ల దగ్గర పైసలు చూసుకోవడం ఎద్దును కొని పలుపుకు వెనకాడినట్టే.

ప్రభుత్వ కార్యాలయాలకు కంప్యూటర్లు కొనేటప్పుడు ఎత్తు మార్చుకునే కుర్చీ, సరైన బల్ల కూడా ఆ కొనుగోలులోనే చేర్చాలి. మెత్తలు కుట్టే పనిని పొదుపు సంఘాల మహిళలకు అప్పగిస్తే కుట్టుమిషన్లకు పని దొరుకుతుంది, ఆపరేటర్ల చేతులకు ఊరట దొరుకుతుంది. కంప్యూటర్ శిక్షణ ఇచ్చే సంస్థలు మొదటి రోజే కూర్చునే తీరు, చేయి పెట్టే తీరు నేర్పాలి. జిల్లా అధికారులు ఈ విషయమై దృష్టి సారించాలి.

పని మీద వెళ్లే జనం కూడా ఒక్క మేలు చేయవచ్చు. ఆపరేటర్ అయిదు నిమిషాలు చేతులు విదిలించుకుంటుంటే వరసలోంచి కేకలు వేయకుండా ఉండవచ్చు. దుక్కి దున్నే ఎద్దుకైనా చాలు మలుపులో ఊపిరి తీసుకోనిస్తారు గదా!