మేనల్లుడి విమానం

మా గన్‌ఫౌండ్రీలో 1786లో రేమండు దొర కట్టించిన ఫిరంగుల కార్ఖానా శిథిలాలు ఇంకా ఉన్నాయి. అక్కడ పోతపోసిన గుళ్ళు గాలిలోకి లేచిన రోజులు పోయాయి. ఇప్పుడు మా మేనల్లుడు లేస్తానంటున్నాడు!

బ్యాంకులో ఉద్యోగం, నాలుగు డబ్బులు వెనకేశాడు. పైలటు ఉద్యోగానికి కాదట, ఆదివారాలు సరదాకట. మా అక్కయ్య రెండు రోజులు సరిగ్గా అన్నం ముట్టలేదు.

"మామయ్యా, బేగంపేటా? నాదర్‌గులా?" అని వాడు నన్ను పట్టుకున్నాడు.

నన్నడగడానికి కారణముంది. ముప్ఫై ఏళ్ళ క్రితం నేనూ ఒక క్లబ్బులో (ఊరూ పేరూ ఎందుకు లెండి) డబ్బంతా ముందే కట్టాను. ఉన్నవి రెండు విమానాలు. ఒకదానికి మరమ్మతు, దాని కోసం రెండోదాని సామాను విప్పారు. రెండూ షెడ్డులోనే! ఏడాదికి నేను ఎగిరింది ఆరు గంటలు. ఇవాళ ప్రైవేటు లైసెన్సుకు కనీసం 40 గంటలు కావాలి. నెలల తరబడి ఎడం వస్తే నేర్చింది కాస్తా మరిచిపోతాము. మళ్ళీ మొదటికి, మళ్ళీ డబ్బు.

"రంగుల కాగితాలు అవతల పారెయ్యి. తెల్లవారుతూనే వెళ్ళి ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో లెక్కపెట్టు, ఎన్ని ఉన్నాయో కాదు. గంట లెక్క నేల విడిచాకనా, ఇంజను స్టార్టయినప్పటినుంచా అడుగు" అన్నాను.

ఈ లెక్క చిన్నది కాదు సుమండీ. 2008లో ప్రయాణీకుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినా, బేగంపేటలో వైమానిక దళం వారూ, మంత్రుల విమానాలూ ఉండనే ఉన్నాయి. పెద్దవాళ్ళు వస్తే చిన్నవాళ్ళు ఆగాలి. ఆగినంతసేపూ, ఆటోలాగ, మీటరు తిరుగుతూనే ఉంటుంది! అయితే కంట్రోలు టవరుతో రేడియోలో మాట్లాడడం మొదటినుంచీ అలవాటవుతుంది. నాదర్‌గుల్‌లో రద్దీ తక్కువే గాని, ఊరి చివర. ఉద్యోగస్థుడు వేకువనే అంత దూరం ఎన్నాళ్ళు పోగలడు? ఎండెక్కాక పోదామంటే, అసలే మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన. వేడికి గాలి పలచబడి చిన్న విమానం ఆపసోపాలు పడుతూ లేస్తుంది.

దగ్గరిది ముందు చూద్దామని, అనుమతి సంపాదించి అక్కయ్యనూ వెంటబెట్టుకు వెళ్ళాము. ఇంతలో గాలి తిరిగింది. గురువుగారు ఒక కుర్రవాణ్ణి, ఎంత బతిమాలినా వినక, విమానం దింపేశాడు.

అక్కయ్య కళ్ళప్పగించి చూసింది. "ఈయన దగ్గరైతే చేరు. డబ్బు మాత్రం పదేసి గంటలకు కట్టరా" అంది.

డాక్టరు పరీక్షకని మేనల్లుడు సోమవారం సెలవు పెట్టాడు.