విలన్ లేని క్లైమాక్స్

విలన్ లేకపోతే సినిమా నడవదంటారు. చరిత్రకి ఆ బాధ లేదు. అందరూ ఒకే జెండా కింద ఉంటారు, ఎవరికీ ధైర్యానికి లోటుండదు, అయినా కొంప కొల్లేరవుతుంది! అలాంటి క్లైమాక్స్ ఒకటి ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

'ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' అని 1936లో హాలీవుడ్ వాళ్లొక సినిమా తీశారు. డైరెక్టరు మైకేల్ కర్టిజ్, హీరో ఎరోల్ ఫ్లిన్. కథ చాలాభాగం మన దేశంలోనే నడుస్తుంది లెండి! సూరత్ ఖాన్ అనే రాజు ఒక కోటలో ఆడవాళ్లనీ పిల్లల్నీ ఊచకోత కోయించి, ఆనక రష్యా వాళ్ల పంచన చేరతాడు. హీరోగారు పగతో రగిలిపోయి, పైవాళ్ల ఆర్డరునే మార్చి రాసి, ఆరువందల గుర్రాలతో ఫిరంగుల మీదికి దూకుతాడు. హాల్లో ఈలలు మోగాల్సిందే!

చిక్కల్లా ఒక్కటే. చరిత్రలో సూరత్ ఖాన్ లేడు. పగ లేదు. ఆర్డరు ఎవరూ మార్చలేదు.

మరి జరిగిందేమిటి? 1854లో రష్యా మీద బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి యుద్ధం చేస్తున్నాయి. నల్లసముద్రం ఒడ్డున క్రిమియాలో బలక్లావా అనే రేవు. అక్టోబరు 25 ఉదయం రష్యన్లు దగ్గర్లోని గుట్టల మీది టర్కీ వాళ్ల కాపలా దిబ్బల్ని పట్టుకున్నారు. అక్కడున్న బ్రిటిష్ ఫిరంగుల్ని లాక్కుపోయే ప్రయత్నంలో పడ్డారు.

బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ రాగ్లన్ ఎత్తైన కొండమీద నిలబడి ఇదంతా చూశాడు. పెద్దాయనకి అప్పటికి 66 ఏళ్లు. వాటర్లూలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు. గుర్రపు దళం వేగంగా ముందుకెళ్లి, శత్రువు ఫిరంగులు పట్టుకుపోకుండా ఆపాలని చీటీ రాయించాడు. ఏ ఫిరంగులో చీటీలో లేదు. కొండమీద ఉన్నవాడికి తెలుస్తూనే ఉంది కదా, ఇంక రాయడమెందుకు!

అది అందుకున్న లార్డ్ లూకన్ కింద లోయలో ఉన్నాడు. గుట్టలు అడ్డం. పోతున్న ఫిరంగులు ఆయన కంటికి కనపడవు. ఆయనకి తెలిసిన ఫిరంగులు వేరే ఉన్నాయి. లోయ చివర, దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో, బారులు తీరి ఇటే గురిపెట్టిన రష్యన్ ఫిరంగులు! రెండు పక్కలా ఎత్తుల మీద కూడా రష్యన్లే.

లూకన్ అడక్కపోలేదు. చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ని ఏ ఫిరంగులని అడిగాడు. ఈ నోలన్ ఆశ్విక యుద్ధం మీద పుస్తకాలు రాసిన కుర్రాడు, పైవాళ్లంతా చేతకానివాళ్లని నమ్మినవాడు. లోయవైపు చెయ్యి విసిరి, అడుగో మీ శత్రువు, అవిగో మీ ఫిరంగులు అన్నట్టు మాట్లాడాడు. లూకన్‌కి ఒళ్లు మండింది. రెండోసారి అడగలేదు.

లైట్ బ్రిగేడ్ నాయకుడు లార్డ్ కార్డిగన్. లూకన్‌కి స్వయానా బావమరిది. బావ బతుకు కోరతాడని మనవైపు సామెత. ఈ బావాబావమరుదులకి మాత్రం ఒకరి మొహం ఒకరికి గిట్టదు. ఎదురుగా ఫిరంగులున్నాయనీ, పక్కలా ఉన్నాయనీ కార్డిగన్ చెప్పాడు. రాగ్లన్ గారి ఆజ్ఞ, మనకి వేరే దారిలేదన్నాడు లూకన్. ఆయనకీ తెలుసు, ఈయనకీ తెలుసు. అయినా మూడోమాట లేదు.

సుమారు 670 మంది రౌతులు లోయలోకి కదిలారు. నోలన్ ఉన్నట్టుండి వరస దాటి, అరుస్తూ ముందుకి దూకాడు. పొరపాటు గ్రహించి దారి మళ్లించబోయాడా, లేక ఉత్సాహమా? ఎవరికీ తెలీదు. మొట్టమొదటి గుండు ముక్కే అతని ప్రాణం తీసింది. కార్డిగన్‌కి మాత్రం, తనకంటే ముందుకి ఉరికాడే అని ఒకటే కోపం!

మిగతావాళ్లు ఆగలేదు. మూడువైపులనుంచీ గుళ్లు కురుస్తున్నా లోయ చివరిదాకా వెళ్లి, ఆ ఫిరంగుల మీద పడ్డారు కూడా. తర్వాత మళ్లీ అదే దారిన వెనక్కి. సుమారు 20 నిమిషాల్లో అంతా అయిపోయింది. దాదాపు 110 మంది చచ్చిపోయారు, 160 మంది గాయపడ్డారు. 300కు పైగా గుర్రాలు పోయాయి.

ఇక అసలు సినిమా మొదలు. బ్రిగేడ్‌ని పోగొట్టావని రాగ్లన్ లూకన్‌ని దులిపాడు. మీ ఆర్డరేగా అన్నాడు లూకన్. నేను లూకన్ ఆజ్ఞ పాటించానన్నాడు కార్డిగన్. ఆ రాత్రి రేవులో ఉన్న తన సొంత పడవలో షాంపేను తాగి పడుకున్నాడు కూడా. తర్వాత ఇంగ్లండులో వీరుడని జనం నీరాజనం పట్టారు. మనం చలికాలంలో వేసుకునే బొత్తాల స్వెట్టరుకి ఆయన పేరే! లూకన్ 1887లో ఫీల్డు మార్షల్ అయ్యాడు. మరి సైనికులో? బతికి బయటపడ్డ ముసలివాళ్లు కొందరు తిండికి లేక ఇబ్బంది పడుతుంటే, 1890లో చందాలు పోగుచేయాల్సి వచ్చింది.

అప్పట్లో ఆ సైన్యంలో పెద్దపదవులు డబ్బుపోసి కొనుక్కునేవారు. 1871 దాకా ఆ పద్ధతి పోలేదు. కొనుక్కున్నవాడికి హోదా ఉంటుంది. నాకర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని అడిగే నోరు ఏ కొట్లో దొరుకుతుంది?

1968లో టోనీ రిచర్డ్‌సన్ ఇదే పేరుతో మళ్లీ తీశాడు. రాగ్లన్‌గా జాన్ గీల్‌గుడ్, కార్డిగన్‌గా ట్రెవర్ హోవర్డ్. అందులో సూరత్ ఖాన్ లేడు. పెద్దమనుషులు తప్పు నీదంటే నీదని కాట్లాడుకోవడం ఉంది. నన్నడిగితే రెండూ చూడమంటాను. మొదటిదాంట్లో ఎరోల్ ఫ్లిన్ స్వారీ చూడటానికి రెండు కళ్లూ చాలవు. కాకపోతే 110 మంది ఏ పగకోసమూ కాక, ఎవరూ రెండోసారి అడగని ఒక చిన్న ప్రశ్నకోసం చచ్చారంటే జనం నమ్మరనుకున్నాడు కాబోలు ఆ సినిమా తీసినాయన. అందుకే విలన్‌ని పుట్టించాడు.

రెండోదాంట్లో విలన్ వేషం ఆ చీటీదే. డైలాగు ఒక్కటీ లేదు!