ఉద్యోగానికి పంపేది పెళ్ళి బయోడేటా కాదు

కామారెడ్డిలో ఏ జిరాక్సు కొట్టుకు వెళ్ళినా రెజ్యూమె దొరుకుతుంది. రాసి ఇస్తారనడం లేదు, దొరుకుతుంది అంటున్నాను. నిన్న వచ్చిన పిల్లవాడి కాగితం కంప్యూటరులో భద్రంగా ఉంటుంది. పేరు మార్చి, తండ్రి పేరు మార్చి, మార్కుల శాతం మార్చి అచ్చు తీసి చేతిలో పెడతారు. ఆ విధంగా మా రామారెడ్డి పిల్లలూ, సదాశివనగర్ పిల్లలూ, ఎల్లారెడ్డి పిల్లలూ ఒకే జీవితలక్ష్యంతో, ఒకే గుణగణాలతో, ఒకే అభిరుచులతో హైదరాబాదుకు ప్రయాణమవుతున్నారు. అందరికీ క్రికెట్టు ఆడటం ఇష్టమే, అందరికీ పాటలు వినడం ఇష్టమే! ఇందరిని వేరువేరు ముఖాలతో పుట్టించడానికి ఆ బ్రహ్మ పడిన శ్రమంతా ఒక్క జిరాక్సు కొట్టు దగ్గర వృథా అయిపోతున్నది.

ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. "తెలుగు పంతులుకు రెజ్యూమెతో ఏం పని?" అని కొందరు బ్లాగ్మిత్రులు నవ్వవచ్చు. రెజ్యూమె కూడా ఒక రచనే గదా! రచన అన్నాక దాని మంచిచెడ్డలు విచారించే అధికారం నాకూ ఉన్నది. ఆ అధికారంతోనే ఈ టపా.

ముందుగా ఆ కాగితాన్ని పైనుండి కిందికి చదువుదాం. మొదట 'కెరీర్ ఆబ్జెక్టివ్' అనే పేరా. సవాళ్ళతో కూడిన వాతావరణంలో తన నైపుణ్యాలను సంస్థ అభివృద్ధికీ, తన అభివృద్ధికీ వినియోగించుకోవాలని ఆ పిల్లవాడి కోరిక అట. ఆ వాక్యానికి అర్థం చెప్పమంటే రాసినవాడు చెప్పలేడు, చదివేవాడు చదవడు. తరువాత విశేషణాల ఊరేగింపు: కష్టజీవి, నిజాయితీపరుడు, త్వరగా నేర్చుకొనేవాడు. విశేష్యం లేకుండా విశేషణాలు ఎవరికి అంటుకొంటాయి? ఆ పిమ్మట తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, వివాహితుడా అవివాహితుడా, ఎత్తెంత, బరువెంత! ఇది పెళ్ళిళ్ళ పేరయ్యకు ఇవ్వవలసిన బయోడేటా. గోత్రం ఒక్కటే తక్కువ. చిట్టచివర, పై వివరాలన్నీ తనకు తెలిసినంతవరకు సత్యమని ఒక ప్రమాణం. తన గురించి తనకు తెలిసినంతవరకే అట!

ఈ దుస్థితికి మూలం పిల్లల సోమరితనమని నేను అనను. మనది ఖాళీలు పూరించే విద్య, ఖాళీలు పూరించే ఉద్యోగవేట. 2024లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 563 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన ఇస్తే నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ దరఖాస్తులో గడులు ఉంటాయి. ప్రతి గడీ మనలను ప్రశ్న అడుగుతుంది, మనం జవాబు నింపుతాం. అందులో ఎంపిక కాని లక్షలమంది ఏదో ఒక రోజున ప్రైవేటు కొలువుల వైపు తిరగవలసినదే. అక్కడ రెజ్యూమె కావాలి. దానిలో గడులు లేవు. ఏది చెప్పాలో, ఏది విడవాలో, ఏది ముందో, ఏది వెనుకో రాసేవాడే నిర్ణయించుకోవాలి. అలవాటు లేని ఆ స్వాతంత్ర్యాన్ని చూసి భయపడి మళ్ళీ గడులు వెతుక్కొంటూ జిరాక్సు కొట్టుకు వెళుతున్నారు.

మా ఊళ్ళో డిగ్రీ పూర్తిచేసిన ఒక అబ్బాయి ఇటువంటి కాగితమే నాకు చూపించినాడు. "అనుభవం" అన్నచోట "లేదు" అని ఉన్నది. మా సంభాషణ ఇలా సాగింది.

"డిగ్రీ అయినంక రెండేండ్లు ఏం చేసినవు బిడ్డా?"

"ఏం చెయ్యలే సార్. ఇంటికాడ్నే ఉన్న."

"పొద్దుగాల ఆరు గంటలకు యాడుంటవు?"

"పాల కేంద్రంల సార్. మా నాయినది గదా. పాలు కొలుస్త, ఫ్యాట్ చూస్త, రాస్త."

"ఎందరు పోస్తరు?"

"అరువై మంది దాంక ఉంటరు సార్. పదిహేను రోజులకోసారి లెక్కలు చేసి పైసలు ఇస్తం. ఇదివరకు నోటుబుక్కుల రాసేది. నేను కంప్యూటర్ల ఎక్కిచ్చిన. అప్పటిసంది లెక్కల పంచాదిలు లెవ్వు."

అయ్యా, ఇదీ రెజ్యూమె! రోజుకు రెండు పూటలు, అరవై మంది రైతులు, పక్షానికొక చెల్లింపు, చేతిరాత పుస్తకం నుండి కంప్యూటరుకు మారిన లెక్క, తీరిన తగాదాలు. నామవాచకం ఉన్నది, క్రియ ఉన్నది, సంఖ్య ఉన్నది, ఫలితం ఉన్నది. ఒక్క విశేషణం లేదు. అయినా ఆ పిల్లవాడు కష్టజీవి అనీ, నమ్మదగినవాడనీ చదివేవాడికి తెలిసిపోతుంది. ఇంతటి సంపద చేతిలో పెట్టుకొని "అనుభవం లేదు" అని రాసుకొన్నాడు. ఎందువలన? జీతం చీటీ లేని పని పని కాదనీ, ఇంగ్లీషులో పేరు లేని పని పని కాదనీ మనం నేర్పిన నీచభావం వలన.

కనుక నా వాదం ఒక్కటే. రెజ్యూమె మొదట తెలుగులో, ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయాలి. "కంపెనీవాళ్ళు ఇంగ్లీషులోనే గదా చదివేది!" అంటారు. చదవనివ్వండి. ముందు 'ఏం చేసినాను' అన్నది తేలాలి, తరువాత దానిని ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. విషయం ఉన్నవాడికి చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చాలు. విషయం లేనివాడికి ఎంత పెద్ద ఇంగ్లీషు అయినా చాలదు.

రెండవ వాదం యంత్రం పేరిట వస్తుంది. "ఇప్పుడు రెజ్యూమెలను మనుషుల కంటె ముందు సాఫ్టువేరు వడపోస్తున్నది, కాబట్టి కీలకపదాలు కుక్కాలి" అంటారు. యంత్రం చదివే మాట నిజమే. పాత అను ఫాంటులో రాసిన తెలుగు ఇతరుల కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనబడిన రోజులు ఎరిగిన మనకు యంత్రం సంగతి ఒకరు చెప్పాలా? యంత్రానికి కావలసినది శుభ్రమైన అక్షరం. రెండు వరుసల పట్టికలు, రంగురంగుల గడులు, బొమ్మగా మార్చిన పాఠం దానికి అడ్డంకులు. ఉద్యోగ ప్రకటనలో అడిగిన పనిని మీరు నిజంగా చేసి ఉంటే ఆ పనికి అక్కడ వాడిన పేరే వాడండి, అది న్యాయం. చేయని పనుల పేర్లు కుక్కితే యంత్రం మోసపోవచ్చు. యంత్రం వెనుక కూర్చున్న మనిషి మొదటి ప్రశ్నలోనే పట్టుకొంటాడు. ఇప్పుడు కృత్రిమ మేధ క్షణంలో రెజ్యూమె రాసి ఇస్తున్నదని సంబరపడుతున్నారు. పాల కేంద్రం సంగతి మీరు చెప్పకపోతే దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? చెప్పకుండా రాయించుకొంటే అది కూడా జిరాక్సు కొట్టే, కాకపోతే కొంచెం పెద్దది.

మూడవది వాదం కాదు, నేరం. లేని అనుభవాన్ని డబ్బు పోసి కొనడం. హైదరాబాదులో నకిలీ అనుభవ పత్రాలు అమ్మినవారి మీద పోలీసు కేసులు నమోదైన సంగతి పత్రికలు చదివేవారికి తెలిసినదే. "అందరూ పెడుతున్నారు, మేము పెట్టకపోతే వెనుకబడతాం" అని తల్లిదండ్రులే సమర్థిస్తున్నారు. వారికి రెండు మాటలు. 2014 నుండి భవిష్యనిధి చందాదారులకు యూఏఎన్ సంఖ్య ఇస్తున్నారు. భవిష్యనిధి కట్టిన ఉద్యోగాలన్నీ, ఎప్పటి నుండి ఎప్పటి వరకు చేసినారో సహా, ఆ ఒక్క సంఖ్య కింద కనబడతాయి. అబద్ధం బయటపడటానికి గూఢచారులు అక్కరలేదు. ఇక అమెరికా చట్టం ప్రకారం ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పి వీసా పొందజూసినవారికి ఆ దేశప్రవేశం సాధారణంగా జీవితకాలం నిషిద్ధం. మూడేళ్ళ దొంగ అనుభవానికి ముప్పై ఏళ్ళ భవిష్యత్తు తాకట్టు!

ఇక్కడొక విపరీతం గమనించండి. పని చేయనివారు పత్రాలు కొంటుండగా పని చేసినవారికి పత్రమే లేదు. మా కామారెడ్డి, నిజామాబాదు, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫుకు పోయి, దుబాయిలో పదేళ్ళు షట్టరింగ్ పనిచేసి, కిందివారికి పని నేర్పి, నక్షా చూసి కొలతలు తీయగలిగి తిరిగివచ్చిన మేస్త్రులున్నారు. పని అడిగేటప్పుడు వారు చెప్పేది ఒక్క ముక్క: "దుబాయిల ఉండి వచ్చిన." అక్కడ ఉండటం వేరు, పనిచేయడం వేరు. ఏ కట్టడం, ఎన్ని అంతస్తులు, చేతికింద ఎందరు, ఏ ఏ పనిముట్లు - ఇవి నాలుగు వాక్యాలు రాసుకొంటే ఆయన విలువ ఆయనకే తెలుస్తుంది. ఇలా పనిలో నేర్చిన విద్యను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలోనూ చేర్చినారు. మా ఇళ్ళలో బీడీలు చుట్టే ఆడవారికి వేళ్ళ మీద లెక్క ఉన్నది, ఆకు మంచిచెడ్డలు ఎంచే కన్ను ఉన్నది. అవి నైపుణ్యాలు కావని ఎవరన్నారు?

"మన కవులు కూడా తండ్రి పేరు, వంశం చెప్పుకొన్నారు గదా" అని పండిత మిత్రులు ఆక్షేపించవచ్చు. చెప్పుకొన్నారు. కాని ఆశ్వాసాంత గద్యం ఎక్కడ ఉంటుంది? ఆశ్వాసం ముగిసిన తరువాత. ముందు పని చూపించి పిమ్మట పేరు చెప్పినారు. అవతారికలో కవి వంశం ఉన్నా, ప్రబంధాలలో విస్తారంగా సాగేది కృతిపతి వంశవర్ణన. అంటే ఎవరికి రాస్తున్నారో వారిని గురించి తెలుసుకొని రాసినారు. మన పిల్లలలో ఎందరు తాము దరఖాస్తు పెట్టే సంస్థ ఏం చేస్తుందో చదువుతున్నారు? ఒకే కాగితాన్ని నూరు చోట్లకు పంపడం నూరుమందికి ఒకే శుభలేఖ పంపడం వంటిది.

దేశాంతరం వెళ్ళినా ధర్మం అదే. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి మిలాను పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ రాసిన లేఖను మొదటి రెజ్యూమె అంటారు. అంతటి చిత్రకారుడు చిత్రలేఖనం మాట చివరలో ఎత్తినాడు. ముందంతా మోసుకుపోగల వంతెనలు, ఫిరంగులు, కప్పుగల యుద్ధశకటాలు. ఎందుకంటే ఆ ప్రభువుకు అప్పుడు కావలసినవి అవి. చివర ఏమన్నాడు? అనుమానముంటే పరీక్షించుకొమ్మన్నాడు. అదీ ధైర్యం! పరీక్షకు నిలిచే మాటే రాయండి.

కొత్తగా ఉద్యోగం వెతుక్కొనేవారికి ఒక్క పుట చాలు. పైన పేరు, పనిచేసే ఫోను నంబరు, పేరుతోనే ఉన్న ఈమెయిలు. ఆ తరువాత ఇటీవలి పనితో మొదలుపెట్టి వెనక్కు: ఏం చేసినారు, ఎంత చేసినారు, ఏం మారింది. తరువాత చదువు. కులం, మతం, ఎత్తు, బరువు తీసివేయండి. ఆబ్జెక్టివ్ తీసివేయండి. ప్రమాణవాక్యం తీసివేయండి, నిజం రాసినవాడికి ఒట్టు అక్కరలేదు. తరువాత ఒకసారి పైకి చదవండి. చదువుతుండగా ఏ మాట దగ్గర గొంతు తడబడితే ఆ మాట మీది కాదు, కొట్టివేయండి.

నాతో విభేదించేవారు నిరభ్యంతరంగా వ్యాఖ్య రాయండి, చర్చిద్దాం. కాని రాసేముందు మీ ఇంట్లో ఉద్యోగం వెతుకుతున్న పిల్లవాడి రెజ్యూమె ఒకసారి తెప్పించి, పేరు మీద వేలు అడ్డం పెట్టి చదవండి. అది మీ పిల్లవాడిదేనని పోల్చగలిగితే, నా వాదం తప్పని ఒప్పుకొంటాను.