లైటు ఆరితే సరిపోద్దా బావా?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

పాడేరు, అరకు వైపు మన కుర్రాళ్ళు చాలామంది సెకండ్ హ్యాండ్ కారు తీసుకుని టూరిస్టుల్ని తిప్పుకుంటున్నారు. మా బావ కూడా అంతే. పోయిన లంబసింగి సీజన్లో ఘాట్ దిగుతుంటే ముందు బండి సడన్‌గా ఆగింది, వీడు వెళ్ళి గుద్దాడు. పెద్ద దెబ్బేం కాదు. బంపరు పగిలింది, లోపలి రేకు నొక్కుకుపోయింది. బ్యాగులు తెరుచుకోలేదు. కానీ డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఇంక ఆరలేదు.

షెడ్డులో మేస్త్రీ చూసి, "సెన్సరు వైరు తెగింది, మెలేసి టేపు చుట్టేస్తా. అప్పటికీ ఆరకపోతే మీటరు విప్పి లైటే తీసేస్తా, సాయంత్రం బండి పట్టుకెళ్ళిపో" అన్నాడు. బావ సరేనన్నాడు. అక్కడే మా ఇద్దరికీ గొడవైంది.

హెడ్‌లైటు వైరు తుప్పు పడితే వెలుగు తగ్గుద్ది, మనకి కనపడుద్ది. ఈ వైరు అలా కాదు. బంపరు వెనక సెన్సరు నుంచి కన్సోల్ కింద ఉండే కంట్రోల్ యూనిట్‌కి కబురు వెళ్ళాలి, బ్యాగు తెరవాలో వద్దో అది రెప్పపాటులో తేల్చుకోవాలి. మెలేసిన అతుకులోకి వాననీళ్ళు దిగితే ఆ కబురు అందకపోవచ్చు. లైటు కూడా తీసేస్తే అది తెలిసేది మళ్ళీ గుద్దుకున్న రోజే. చాలా బండ్లలో ఈ వైర్లకి, కనెక్టర్లకి పసుపు రంగు వేసేది ఊరికే కాదు, ముట్టుకునే ముందు ఆలోచించమని.

అసలు పద్ధతి వేరే. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, మాన్యువల్లో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. ఎందుకంటే యూనిట్ లోపల కొంత కరెంటు నిలవ ఉంటుంది. ఈ వైర్ల మీద టెస్ట్ ల్యాంపు అస్సలు పెట్టకూడదు, బ్యాగు పేలొచ్చు. చాలా కంపెనీలు హార్నెస్ మొత్తం మార్చమనే చెప్తాయి. అతకొచ్చు అన్నచోట కూడా వాళ్ళు చెప్పిన కిట్టుతో క్రింప్ చేసి, నీళ్ళు దిగని స్లీవ్ వెయ్యాలి. సెన్సరు బిగించే రేకు వంగితే అదీ సరిచెయ్యాలి, లేకపోతే సెన్సరు మొహం పక్కకి తిరిగిపోద్ది. చివర్లో స్కానర్ పెట్టి కోడ్ చూడాలి. ఆ కోడ్ పోయి లైటు దానంతట అది ఆరాలి గానీ మనం ఆర్పకూడదు.

"నువ్వు చదువుకున్నావ్ కాబట్టి కబుర్లు చెప్తావ్, కిస్తీ ఎవడు కడతాడు?" అన్నాడు బావ. నిజమే. సీజన్లో వారం బండి ఆగితే ఏమవుద్దో నాకూ తెలుసు. కానీ రెండేళ్ళకి ఈ బండి అమ్మేస్తాడు. కొనేది ఎవరు? చింతపల్లిలోనో, జి.మాడుగులలోనో ఇంకో మన తమ్ముడే. లైటు వెలగడం లేదు కదా, బండి బాగుందనుకుంటాడు. మనోళ్ళని మనమే మోసం చేసినట్టు కాదా అది? నాకు ఎక్కువ బాధనిపించింది ఇదే.

కొనేవాళ్ళు ఒక్కటి చూడండి. తాళం ఆన్ చెయ్యగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి, కొన్ని సెకన్లకి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో చెయ్యి పెట్టారని అనుమానించండి. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ బ్యాగు తప్పనిసరి, కాబట్టి మన చేతికొచ్చే పాత బండ్లలో ఇంక ఈ గోల పెరుగుద్దే గానీ తగ్గదు.

బావ చివరికి ఒప్పుకున్నాడు. పది రోజులు బండి వైజాగ్‌లో ఉంది, ఇప్పటికీ నాతో సగమే మాట్లాడతాడు. మన గ్రూపులో ఐటీఐ మోటార్ మెకానిక్ చేసి, స్కానర్ పని తెలిసిన అన్నలు ఎవరైనా ఉంటే కింద చెప్పండి. పాడేరులోనే ఈ పని చేసేవాళ్ళుంటే వైజాగ్ దాకా దిగే పని ఉండదు.