వంతెన మనది, గేటు ఎవరిది?

కృష్ణ మీద ఎక్కడ వంతెన పడ్డా దాని విలువ ముందుగా తెలిసేది కూలోడికే. కారున్నవాడు చుట్టు తిరిగి పోతే కాస్త పెట్రోలు ఖర్చవుతుంది. కూలోడు చుట్టు తిరిగితే ఆ పూట కూలి పోతుంది. కాబట్టి మేం వంతెనలకు వ్యతిరేకులం కాదని మొదటే చెబుతున్నాం. వంతెనలు కావాలి. ఇంకా కావాలి. మేం అడిగేదల్లా ఒకటే. వంతెన దగ్గరా రహదారి మీదా నిలబెట్టిన టోలు గేటు ఎవరి దగ్గర వసూలు చేస్తున్నది? ఎవరికి రాయితీ ఇస్తున్నది? ఆ లెక్క మనకెందుకు చెప్పరు?

విజయవాడ దగ్గర నది దాటడం ఎట్లా మారుతూ వచ్చిందో ఒకసారి చూద్దాం. తెల్లదొరల కాలంలో 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట లేచింది. 1893లో రైలు వంతెన వచ్చింది. పాత ఆనకట్టకు బదులుగా 1954లో మొదలుపెట్టి 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తిచేశారు, దాని మీదే రోడ్డు కూడా వేశారు. కాలవలకి నీళ్ళు మళ్ళించే కట్టడం మీద నుంచే మద్రాసు లారీ, కలకత్తా లారీ, గుంటూరు బస్సు, గడ్డి బండి అన్నీ పోయినాయి. 1995లో కనకదుర్గ వారధి వచ్చాక గానీ బరువు బండ్ల రద్దీ బ్యారేజీ మీద నుంచి తొలగలేదు.

ఆ వారధి లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. కలకత్తా నుంచి చెన్నై పోయే రహదారి విజయవాడలో కృష్ణను దాటాలి. అప్పట్లో దాన్ని 5వ నంబరు అనేవాళ్ళు, ఇప్పుడు 16వ నంబరు అంటున్నారు. బందరు నుంచి హైదరాబాదు పోయే 65వ నంబరు రహదారి కూడా ఈ ఊళ్ళోనే దాన్ని కలుస్తుంది. గుంటూరు మిర్చి, దివిసీమ ధాన్యం, బందరు చేపలు, తాడేపల్లి మంగళగిరి నుంచి పొద్దున్నే బెజవాడకు పనికి వచ్చే తాపీ మేస్త్రీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఆస్పత్రులకు వచ్చే రోగులు... అందరికీ అదే దారి. మన కూలీ మేస్త్రీ ఎక్కిన బస్సూ, షావుకారు కారూ ఆ వంతెన మీద ఒకే వరసలో పోతాయి. ఊళ్ళో వీధిన చెప్పులేసుకుని నడవనివ్వని రోజులు మా పెద్దోళ్ళు చూశారు. వంతెన మీద ఊరు వేరు, పల్లె వేరు అని గీత లేదు. మనకి వంతెన విలువ అక్కడ కూడా ఉంది.

ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, కులం పేరు మీద ఎవరికీ కాదనడానికి వీల్లేదని అందులో రాసి ఉంది. బాబాసాహెబ్ 1927లో మహద్ చెరువు దగ్గర నీళ్ళ కోసం నిలబడ్డదీ ఇందుకే. చెరువు ఎట్లా అందరిదో రోడ్డూ అట్లాగే అందరిది. కులం పేరుతో అడ్డుకుంటే నేరం అన్నారు, మంచిదే. మరి డబ్బు పేరుతో అడ్డుకుంటేనో?

ఇక విజయవాడ దాటి నది వెంట కిందికి రండి. వారధి దాటాక సుమారు 60 కిలోమీటర్ల పొడవునా, పులిగడ్డ దాకా, కృష్ణ మీద రోడ్డు వంతెన మరొకటి లేదు. ఇటు తోట్లవల్లూరు, అటు కొల్లిపర, కొల్లూరు, మధ్యలో లంకలు. ఎదురుగా కనిపించే ఊరికి పోవాలంటే పడవ ఎక్కాలి, లేకుంటే విజయవాడ చుట్టి రావాలి. పులిగడ్డకీ పెనుమూడికీ మధ్య వంతెన 2000 తర్వాతి దశకంలో గానీ రాలేదు. అది వచ్చాకే అవనిగడ్డ, రేపల్లె ఒకదానికొకటి పక్క ఊళ్ళయినాయి. ఇప్పుడు ఆ వంతెన కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216వ నంబరు రహదారిలో భాగం.

ఆ వంతెన లేని రోజుల్లో ఏం జరిగిందో దివిసీమకు చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది చనిపోయారు. మేడ ఉన్నవాడు మేడెక్కాడు. గుడిసెలో ఉన్నవాడు ఎక్కడానికి ఏమీ లేదు. పారిపోదామన్నా రెండు పాయల మధ్య లంక అది. అప్పటి శవాల్లో పల్లెల వాళ్ళు, బెస్తపాలేల వాళ్ళు ఎంతమందో ఆ ఊళ్ళల్లో పెద్దల్ని అడగండి. అందుకే అంటున్నాం, దివిసీమలో వంతెన అంటే ప్రాణం. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున గేటు దగ్గర బండి ఆపి డబ్బులు అడగటమంటే ప్రాణానికి వెల కట్టటమే.

వంతెన దగ్గర డబ్బు వసూలు చేయటం కొత్తేమీ కాదు. వంతెన లేనప్పుడు రేవు పాట ఉండేది. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలవల మీదా రేవుల మీదా ఒక చట్టం చేసింది. రేవుని వేలం వేస్తారు, పాడుకున్నవాడు పడవ నడుపుతాడు, మనిషికింత, గేదెకింత, గంపకింత అని వసూలు చేస్తాడు. పాట పాడేంత డబ్బు ఎవరి దగ్గర ఉండేది? ఊరి పెత్తందారు దగ్గరే. పడవ లాగేదీ తోసేదీ మాత్రం మన చేతులే. రోడ్ల మీదా వంతెనల మీదా టోలు వసూలుకి చట్టం అంతకన్నా ముందే, 1851లోనే వచ్చింది. ఇప్పుడు పడవ పోయి సిమెంటు వంతెన వచ్చింది. పాటదారు పోయి కాంట్రాక్టరు వచ్చాడు. వంతెన ప్రైవేటు డబ్బుతో కట్టి, టోలు వసూలు చేసుకుని, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పజెప్పే పద్ధతి ఒకటి పెట్టారు. పులిగడ్డ వంతెన అట్లా కట్టిందే.

విజయవాడ వారధికి తాడేపల్లి వైపు ఒకప్పుడు గేటు ఉండేది. అది ఎత్తేశారు, "పాత టోల్‌గేటు" అన్న మాట మిగిలింది. కానీ గేటు పోయిందని సంబరపడేలోగా నాలుగు దిక్కులా గేట్లు లేచినాయి. గుంటూరు వైపు కాజ, ఏలూరు వైపు పొట్టిపాడు, హైదరాబాదు వైపు కీసర, బందరు వైపు దావులూరు. బెజవాడ నుంచి ఎటు కదిలినా గేటే.

"మాకు కార్లు లేవు గదా, మాకెందుకు ఈ గొడవ?" అని మనోళ్ళే అడుగుతుంటారు. మా ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ చదివిన వాళ్ళం మేం. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతుకుతున్నాం. ఆ లెక్కే ఇక్కడ వేసి చూపిస్తాం.

జాతీయ రహదారుల టోలు నిబంధనలు 2008లో వచ్చినాయి. వాటి ప్రకారం మోటారు సైకిలుకి, ఆటోకి, ట్రాక్టరుకి, ఎడ్ల బండికి టోలు లేదు. ఇది నిజం, అందరూ గుర్తుపెట్టుకోండి, తెలియక ఎవరూ కట్టొద్దు. కానీ ముప్పై మంది కూలీలు మిరపకోతకు పోవాలంటే మోటారు సైకిళ్ళ మీద పోరు. బస్సెక్కుతారు, లేకపోతే మినీ వ్యాను మాట్లాడుకుంటారు. ఆ రెంటికీ టోలుంది. వ్యాను వాడు కట్టిన టోలు తన జేబులోంచి కట్టడు, మనిషికింత అని కిరాయిలో కలుపుతాడు. బస్సు కట్టిన టోలు టికెట్టులోకి ఎక్కుతుంది. లారీ కట్టిన టోలు ఉల్లిపాయలోకి, కందిపప్పులోకి, సిమెంటు బస్తాలోకి ఎక్కుతుంది. పల్లెలో ఇల్లు కట్టుకునేవాడి ఇటుక ధరలో కూడా గేటు రుసుముంది. రసీదు మాత్రం మన చేతికి రాదు.

డీజిలు కొన్నప్పుడే రోడ్డు కోసమని ఒక సెస్సు పోతున్నది. దానికి 2000లో చట్టమే చేశారు. బండి కొన్నప్పుడు పన్ను వేరే. అన్నీ అయినాక గేటు దగ్గర మళ్ళీ టోలు. ఒకే రోడ్డుకి ఎన్నిసార్లు కట్టాలి?

2025 ఆగస్టు 15 సంగతి చూడండి. ఆ రోజున మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పేరుతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు తీసేశారు. మంచి పని, మేం మెచ్చుకుంటున్నాం. బస్సు రాని ఊరికి మాత్రం ఆ మేలు అందదు. అదే రోజున కేంద్రం ఇంకో పథకం పెట్టింది. సొంత కారు, జీపు, వ్యాను ఉన్నవాళ్ళు 3,000 రూపాయలు కడితే జాతీయ రహదారుల గేట్ల దగ్గర 200 సార్లు, లేదా ఒక ఏడాది, ఏది ముందయితే అంతవరకు పోవచ్చని అప్పుడు చెప్పారు. 3,000ని 200తో భాగించండి. ఒక గేటు 15 రూపాయలు! కిరాయి బండికి ఈ పాసు లేదు. కూలీలను ఎక్కించుకున్న మినీ వ్యానుకి లేదు. కూరగాయల గంపలు తెచ్చే చిన్న బండికి లేదు. ఆ లెక్కన కారులో ఒక్కడే పోతే 15 రూపాయలు, కూలీలను వేసుకుపోయే బండికి పూర్తి రేటు! గేటుకి ఇరవై కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళకి ఇచ్చే నెలవారీ పాసు కూడా సొంత బండికే, కిరాయి బండికి కాదు.

ఇంకోటి. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. అది లేకుండా గేటు ముందుకొస్తే రెట్టింపు కట్టమన్నారు. 2025 నవంబరు 15 నుంచి ఫోనులో యూపీఐతో కడితే ఒకటింపావు వంతు, రొక్కం ఇస్తే రెట్టింపు అన్నారు. ఖాతాలో నాలుగు డబ్బులు నిలవని బండివాడు ఎవరు? చేతిలో నోట్లే ఉండే వాడు ఎవరు? అప్పు చేసి బండి కొనుక్కున్న మన కుర్రాడే. లేనోడికే జరిమానా పడుతున్నది.

అన్నింటికన్నా పెద్ద మోసం వేరే ఉంది. 2008 నిబంధనల్లో ఒక మాట ఉండేది. పెట్టిన డబ్బు వసూలైపోయాక టోలు 40 శాతానికి తగ్గించాలి అని. 2023 అక్టోబరులో ఆ తగ్గింపును తీసేశారు. అంటే అప్పు తీరినా వడ్డీ కట్టమన్నట్టు. పెత్తందారు దగ్గర పాలేరుగా చేరిన మా తాతలకి ఈ లెక్క బాగా తెలుసు. ఎంత చేసినా పద్దులో అప్పు అట్లాగే ఉండేది. ఎందుకంటే పద్దు పుస్తకం వాళ్ళ చేతిలో ఉండేది, చదవటం మనకు రాదు. ఇప్పుడు మనకు చదువొచ్చింది. పుస్తకం చూపించమని అడుగుదాం.

వంతెన దాకా పోయే దారి మాటేమిటి? నాలుగు వరసల రహదారి పక్కనే పల్లె ఉంటుంది. రహదారి నుంచి పల్లెలోకి దిగే దారి మాత్రం వానొస్తే మోకాలి లోతు బురద. 108 బండి రోడ్డు మీదే ఆగితే రోగిని మంచం మీద మోసుకురావాలి. ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మన జనాభా లెక్కన మనకు రావలసిన డబ్బు మన పల్లెలకే ఖర్చుపెట్టాలని ఆ చట్టం చెబుతున్నది. వంతెనకి కలిసే లింకు రోడ్డుకీ, కాలవ మీద చప్టాకీ ఆ నిధి అడగటం మన హక్కు.

కాబట్టి మన కోర్కెలు ఇవీ.

ఒకటి, ప్రతి టోలు గేటు దగ్గర వంతెనకో రోడ్డుకో అయిన ఖర్చు, ఇప్పటిదాకా వసూలైన మొత్తం, వసూలు ఆగే తేదీ తెలుగులో బోర్డు మీద రాయాలి.

రెండు, పెట్టుబడి తిరిగి వచ్చిన చోట టోలు ఎత్తెయ్యాలి.

మూడు, సొంత కారుకి ఇచ్చే పాసు కూలీలను తీసుకుపోయే బండ్లకీ, కూరగాయలూ చేపలూ తెచ్చే చిన్న బండ్లకీ ఇవ్వాలి.

నాలుగు, తుపాను, వరద హెచ్చరిక వచ్చిన గంట నుంచి గేట్లు తెరిచి ఉంచాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి లంకలు మునిగినాయి. మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు.

ఐదు, వంతెనకి రెండు పక్కలా పల్లెలకి లింకు రోడ్డు, పల్లెవెలుగు బస్సు, నీడ ఉన్న బస్టాపు కావాలి.

సంఘాల కార్యకర్తలకు ఒక మాట. ఇవి ఉపన్యాసంలో చెప్పి వదిలేసేవి కావు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. తెల్ల కాగితం మీద మూడు ప్రశ్నలు రాయండి. ఎంత ఖర్చయింది? ఎంత వసూలైంది? ఎప్పటిదాకా వసూలు చేస్తారు? జాతీయ రహదారుల సంస్థకి పది రూపాయల ఫీజుతో పంపండి. తెల్ల కార్డు ఉన్నవాళ్ళు జిరాక్సు జతచేస్తే ఆ ఫీజు కూడా లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పల్లెలో చదువుకున్న ఒక్క పిల్ల, ఒక్క పిల్లాడు చాలు ఈ పనికి. వచ్చిన జవాబుని పల్లె రచ్చబండ దగ్గర పైకి చదివించండి, దాని నకలు మాకూ పంపండి, వచ్చే సంచికల్లో వేస్తాం.

నది అడుగున పునాదులు తవ్వింది మనోళ్ళు. కంకర మోసింది మన ఆడవాళ్ళు. రోజూ దాటేదీ, గేటు ఖర్చు బియ్యంలో పప్పులో కట్టేదీ మనమే. కట్టేవాడికి లెక్క అడిగే హక్కుంది. అడుగుదాం.

జై భీమ్!